నాటక సమాజంలో వేషం కోసం వెళ్లేవారి సందేహాలు: గోదావరి జిల్లాల కొత్త నటీనటులకు

ఏప్రిల్ 16న కందుకూరి వీరేశలింగం జయంతిని తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటాం. ఆ సభలు ముగిశాక, సమాజాలు కొత్త నాటికలకు పాత్రలు వెతుక్కునే రోజుల్లో, రిహార్సల్ గది గుమ్మం దగ్గర కొత్త ముఖాలు కనిపిస్తాయి. వారి వయసులు వేరు, వృత్తులు వేరు, కానీ అడిగే సందేహాలు మాత్రం ఇంచుమించు ఒక్కటే. రాజమహేంద్రవరం, కాకినాడ, అమలాపురం, పాలకొల్లు, భీమవరం, తణుకు ప్రాంతాల ఔత్సాహిక సమాజాల తీరును దృష్టిలో ఉంచుకుని ఆ సందేహాలకు సమాధానాలను ఇక్కడ దశలవారీగా కూర్చాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## సమాజాన్ని వెతుక్కునే దశ

ఆడిషన్లు ఎక్కడ, ఎప్పుడు జరుగుతాయో నాకు ఎలా తెలుస్తుంది?

చాలా సమాజాలు పత్రికా ప్రకటన ఇవ్వవు. పాత్ర ఖాళీగా ఉన్న సంగతి నోటి మాటగానో, వాట్సాప్ గ్రూపులోనో తిరుగుతుంది. అందువల్ల మొదట చేయవలసిన పని నాటకాలు చూడటం. రాజమహేంద్రవరం ఆనం కళాకేంద్రంలోనో, కాకినాడ సూర్యకళామందిరంలోనో, మీ దగ్గరలో నాటక పోటీలు నిర్వహించే పరిషత్తు పందిట్లోనో ప్రదర్శన జరిగినప్పుడు చివరిదాకా కూర్చుని, తెర దించాక దర్శకుడిని కలిసి, చూసిన నాటకం గురించి రెండు మాటలు చెప్పి, మీ పేరు, ఫోను నంబరు ఇవ్వండి. నటులు మేకప్ తీసుకుంటున్న ఆ పావుగంటలో దర్శకులు ఎవరితోనైనా తీరికగానే మాట్లాడతారు. ఇంకొక దారి కూడా ఉంది. హార్మోనిస్టులు, మేకప్ వేసేవారు ఒకే సమాజానికి కట్టుబడి ఉండరు కాబట్టి, ఏ ఊళ్లో ఏ వేషానికి మనిషి కావాలో అందరికన్నా ముందు వారికే తెలుస్తుంది. వారి పరిచయం సంపాదించుకోండి.

ఇంతవరకు స్టేజీ ఎక్కలేదు. నన్ను రానిస్తారా?

రానిస్తారు. 1880లో రాజమహేంద్రవరంలో వీరేశలింగం తన వ్యవహార ధర్మబోధినిని ప్రదర్శింపజేసినప్పుడు అందులో వేషాలు కట్టినవారు విద్యార్థులే. చిలకమర్తి లక్ష్మీనరసింహం నాటకాల్లో అదే ఊళ్లో వేషాలు వేసిన టంగుటూరి ప్రకాశం కూడా అప్పటికి చదువుకుంటున్న కుర్రవాడే. కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బులో నటించిన ఎస్.వి. రంగారావు, పాలకొల్లులో నాటకాలు ఆడిన అల్లు రామలింగయ్య సినిమాలకు వెళ్లకముందు ఇలాంటి స్థానిక సమాజాల్లోనే వేషాలు వేశారు. కొత్తవారికి అవకాశం ఇవ్వడం ఈ ప్రాంతపు సమాజాలకు కొత్త కాదు.

అనుభవం ఉన్నట్టు నటించవద్దు. "ఇదే మొదటిసారి" అని చెప్పినవారికి దర్శకుడు ఓపికగా సూచనలు ఇస్తాడు. లేని అనుభవం చెప్పుకున్నవారి నుంచి ఉన్నదానికన్నా ఎక్కువ ఆశిస్తాడు.

పద్య నాటకానికి వెళ్లాలా, సాంఘిక నాటికకు వెళ్లాలా?

రెండింటికీ ఎంపిక జరిగే పద్ధతి వేరు, బతికే వాతావరణం వేరు. పద్య నాటకం తీర్థాల్లో, జాతరల్లో, శివరాత్రి, సుబ్రహ్మణ్య షష్ఠి వంటి ఉత్సవాల్లో ఆరుబయట రాత్రిపూట సాగుతుంది. శ్రీకృష్ణ రాయబారం, గయోపాఖ్యానం, హరిశ్చంద్రలోని కాటి సీను ఈ ప్రాంతంలో ఇప్పటికీ జనం కోరి పెట్టించుకునేవి. రాయబారం పద్యాలు రాసిన తిరుపతి వేంకట కవులలో చెళ్లపిళ్ల వారిది కడియం, దివాకర్ల వారిది భీమవరం దగ్గర ఎండగండి. ఆ పద్యాలను నోటికి చెప్పగల శ్రోతలు ముందు వరుసలోనే కూర్చుంటారు కాబట్టి, ఇక్కడ ఎంపికలో మొదట చూసేది గొంతు, శృతి, పద్యం మీద పట్టు.

సాంఘిక నాటిక సుమారు ఒక గంటలో ముగుస్తుంది, ఎక్కువగా పరిషత్తు పోటీల కోసం తయారవుతుంది. పాత్రలు నాలుగైదుకు మించి ఉండకపోవచ్చు. అందులో చూసేది మాట సహజంగా వస్తోందా, ఎదుటివారు మాట్లాడుతున్నప్పుడు మీ ముఖం బతికే ఉందా అన్నది. సంగీతజ్ఞానం లేనివారు నాటికతో మొదలుపెట్టడం మంచిది. పాడగలిగినవారు మాత్రం పద్య నాటకాన్ని పాతకాలపుదని పక్కన పెట్టకండి. పద్యం నేర్చినవారికి ఊపిరి మీద, ఉచ్చారణ మీద వచ్చే అదుపు సాంఘికంలోనూ జీవితాంతం ఉపయోగపడుతుందని నా గట్టి నమ్మకం.

పెద్ద పాత్రలు ఎలాగూ పాతవారికే ఇస్తారు కదా, కొత్తవాడిని వెళ్లి ఏం లాభం?

పద్య నాటకంలో ఒక సౌకర్యం ఉంది. రాయబారం వంటి ప్రదర్శనల్లో కృష్ణుడి పాత్రను ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని ఇద్దరు ముగ్గురు పంచుకోవడం మామూలే. కొత్తవారు, నిద్రిస్తున్న కృష్ణుడి దగ్గరికి అర్జునుడు, దుర్యోధనుడు సాయం కోరి వచ్చే పడక సీను వరకో, మరొక అంకం వరకో తమకు వచ్చిన భాగాన్ని అడగవచ్చు. నాటికలో అలా పంచుకోవడం కుదరదు కాబట్టి అక్కడ చిన్న పాత్రతోనే మొదలవుతుంది. అయితే పరిషత్తు నాటికలో రెండే నిమిషాలు కనిపించే పోస్టుమ్యాన్ పాత్ర తేలిపోతే మొత్తం నాటికకే మార్కులు తగ్గుతాయి. చిన్న వేషానికి కూడా దర్శకుడు జాగ్రత్తగా మనిషిని వెతికేది అందుకే.

నాకు వ్యవసాయం, చెరువు పనులు ఉన్నాయి. రిహార్సళ్లకు వీలవుతుందా?

డెల్టాలోని సమాజాలు ఈ ఇబ్బందిని ఎరిగినవే. సార్వా ఊడ్పులు, కోతలు, దాళ్వా కోతల రోజుల్లో రైతు నటులకు సాయంత్రాలు కూడా తమవి కావు. రొయ్యల చెరువులు ఉన్నవారికి రాత్రి కాపలా, ఏరియేటర్ల గోల సరేసరి. అందుకే వెళ్లిన మొదటి రోజే మీకు ఏ నెలలు కుదరవో, వారంలో ఏ రాత్రులు వీలుకాదో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. దర్శకుడు ఆ కాగితాన్ని చూసి పాత్ర ఇవ్వకపోవచ్చు, అయినా మిమ్మల్ని గౌరవిస్తాడు. అన్నిటికీ సరేనని ఒప్పుకుని, చెరువులో రొయ్యలు పట్టే రోజున ఫోను తీయని నటుడిని మళ్లీ ఏ సమాజమూ పిలవదు.

ఆడిషన్‌కు డబ్బు కట్టమంటున్నారు. కట్టవచ్చా?

వేషం ఇస్తామని ముందుగా రుసుము అడిగితే ఆగిపోండి. ఔత్సాహిక సమాజాల్లో ప్రయాణానికి, విగ్గులకు, సెట్టుకు అందరూ తలా కొంత వేసుకోవడం ఉంది. అది సభ్యులైన తరువాత, లెక్క అందరి ముందు పెట్టి తీసుకునే డబ్బు. పాత్ర చేతికి రాకముందు అడిగేది దీనికి భిన్నమైనది. సినిమా అవకాశం చూపిస్తామని కలిపి చెబితే అనుమానం మరింత పెంచుకోండి. ఇక పారితోషికం సంగతికి వస్తే, స్థానిక కొత్త నటులకు చాలాచోట్ల దారి ఖర్చులు, భోజనం మాత్రమే ఉంటాయి. ఎంత ఇస్తారో, ఏమీ ఇవ్వరో ముందే అడగడం అమర్యాద కాదు.

## సిద్ధపడే దశ

ఎంపికకు ఏ సన్నివేశం సిద్ధం చేసుకుని వెళ్లాలి?

రెండు నిమిషాలకు మించని ఒక నాటక భాగం చాలు. సినిమా డైలాగు వద్దు. అది విన్న ప్రతివారి చెవిలోనూ ఆ హీరో గొంతు మోగుతుంది, మీరు వినిపించరు. కోపంతో మొదలై కోపంతోనే ముగిసే భాగం కన్నా, మధ్యలో మనసు మారే భాగాన్ని ఎంచుకోండి. కొడుకును తిట్టడానికి నోరు తెరిచిన తండ్రి, వాడి చొక్కా చేతి మీద రక్తపు మరక చూసి ఆగిపోయాడనుకోండి. ఆ ఆగిన క్షణాన్ని మీరు ఎలా పట్టుకుంటారన్నది దర్శకుడికి పది డైలాగుల కన్నా ఎక్కువ చెబుతుంది. మీ వయసుకు, శరీరానికి దగ్గరగా ఉన్న పాత్రనే తీసుకోండి. ఇరవై ఏళ్ల కుర్రవాడు వంగి నడిచి తాతగా కనిపించాలని చూస్తే, చూసేవారి దృష్టి నటన మీద కాకుండా ఆ నడుము మీద నిలుస్తుంది.

పద్యం ఎలా సాధన చేయాలి? రాగం ముందా, అర్థం ముందా?

అర్థమే ముందు. పద్యాన్ని మొదట పాడకండి, వచనంగా చదవండి. ఏ పదం ఎక్కడ విరుగుతుందో, సమాసం ఎక్కడ ముగుస్తుందో, కర్త ఎవరో, క్రియ ఎక్కడ ఉందో గుర్తించి, మీ మాటల్లో ఆ పద్యాన్ని ఒకసారి ఎదుటివారికి చెప్పండి. అలా చెప్పలేని పద్యాన్ని పాడినా అది వినేవారికి చేరదు.

తరువాత ఊపిరి గురించి చూసుకోవాలి. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం యతి, అంటే పాదం మొదటి అక్షరంతో ధ్వని కలిసే చోటు. చంపకమాలకు ఇరవై ఒకటి, యతి పదకొండు. శార్దూలానికి పంతొమ్మిది, యతి పదమూడు. మత్తేభానికి ఇరవై, యతి పద్నాలుగు. యతి స్థానం వచ్చింది కదా అని అక్కడ ఆగి ఊపిరి తీసుకునే అలవాటు కొత్తవారిలో కనిపిస్తుంది. అక్కడ పదం మధ్యలో ఉంటే అర్థం రెండు ముక్కలవుతుంది. యతి చెవికి వినిపించాలి, ఊపిరి మాత్రం పదం ముగిసిన చోటే తీసుకోవాలి. ఒక పెన్సిలు పట్టుకుని ఊపిరి తీసుకునే చోట్ల చిన్న గీతలు పెట్టుకుని, ప్రతిసారీ అక్కడే తీసుకోండి.

ఆ తరువాతే రాగం. మోహన, కల్యాణి, బిలహరి వంటివాటిని ఎవరో పెద్ద నటుడి రికార్డు విని యథాతథంగా దింపేస్తే, ఆయన గొంతుకు సరిపోయిన ఆలాపన మీ గొంతులో ఇరుక్కుపోతుంది. ఎంపికకు వెళ్లే ముందు ఒక హార్మోనిస్టు దగ్గర కూర్చుని మీ శృతి ఏదో తెలుసుకోండి. పైస్థాయిలో ఒక పాదం అందుకోవడానికి మెడ నరాలు బిగుస్తున్నాయంటే ఆ శృతి మీది కాదు. ఎంపిక రోజున హార్మోనిస్టు "ఎంత శృతి అండి?" అని అడిగితే తడుముకోకుండా చెప్పగలిగినవారి మీద అప్పుడే సగం నమ్మకం కుదురుతుంది. రాగం సాగదీసి "వన్స్ మోర్" అనిపించుకోవాలన్న ఆశ ఆ రోజుకు పక్కన పెట్టండి. పద్యం ముగిశాక వచ్చే వచనాన్ని అదే ఊపులో అందుకోగలరా లేదా అన్నది అక్కడ కూర్చున్నవారు చూస్తారు, చాలామంది తడబడేది కూడా అక్కడే.

నా మాటలో గోదావరి యాస ఎక్కువ. అది అడ్డమవుతుందా?

సాంఘిక నాటికలో చాలాసార్లు అది వరం. ఈ నేల మీది పాత్రకు "ఆయ్" అని ఎక్కడ పలకాలో, "అండి"ని ఎంత మెత్తగా ఆనించాలో మీకు ఎవరూ నేర్పనక్కరలేదు. దర్శకుడు వేరే ప్రాంతపు పాత్ర ఇచ్చినప్పుడు మాత్రం మార్చుకోగలగాలి.

పౌరాణికంలో లెక్క వేరు. "వచ్చాడు" అన్నది "ఒచ్చాడు"గా, "వెళ్లాడు" అన్నది "ఎళ్లాడు"గా మన నోట జారిపోతుంది. ల, ళ తేడా, న, ణ తేడా, శ, ష, స తేడా, ధర్మం, భీష్ముడు, ఘటోత్కచుడు వంటి మాటల్లోని ఒత్తులు స్పష్టంగా పలకాలి. రోజూ ఒక పేజీ పురాణ వచనాన్ని పైకి చదివి, ఫోనులో రికార్డు చేసి, మర్నాడు విని తప్పుల కింద గీత గీసుకోండి. అదే రోజు వింటే మన తప్పు మన చెవికి సులువుగా దొరకదు.

నేను ఇంగ్లీషు మీడియం. తెలుగు గబగబా చదవలేను. ఏం చేయాలి?

ఇప్పుడు చాలామంది యువతీ యువకుల ఇబ్బంది ఇదే, దీన్ని దాచవలసిన పని లేదు. స్క్రిప్టును రెండు రోజుల ముందు ఇవ్వగలరేమో అడగండి, చాలామంది దర్శకులు ఇస్తారు. ఎవరిచేతనైనా చదివించి, ఆ గొంతును రికార్డు చేసుకుని నేర్చుకోవచ్చు. డైలాగులను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవడం మాత్రం వద్దు. ఆ రాతలో ల, ళ ఒక్కటైపోతాయి, హ్రస్వాలు, దీర్ఘాలు కలిసిపోతాయి, అలా నేర్చిన తప్పు తరువాత వదలదు. రోజుకు పావుగంట దినపత్రిక సంపాదకీయాన్ని పైకి చదివితే కొన్ని వారాల్లోనే చదువు వేగం పెరుగుతుంది.

చివరి వరుసకు నా గొంతు వినిపిస్తుందో లేదో ఎలా తెలుసుకోవాలి?

సాయంత్రం కాలవ గట్టు మీద ఒక స్నేహితుణ్ణి దూరంగా నిలబెట్టి, అరవకుండా, మామూలు స్వరంతో ఒక డైలాగు చెప్పండి. వాక్యంలోని చివరి మాట అతనికి వినిపించిందా అని అడగండి. మొదటి మాటలు అందరికీ వినిపిస్తాయి. ఊపిరి అయిపోయి చివరి మాట మింగేయడం దగ్గరే చిక్కు, తెలుగులో క్రియ చివర్లో వస్తుంది కాబట్టి అది పోతే వాక్యమే పోయినట్టు. మైకులు ఉన్నాయి కదా అని ధైర్యపడకండి. పరిషత్తు వేదికల మీద వేలాడదీసిన మైకు కింద నుంచి పక్కకు రెండు అడుగులు వేస్తే మాట పలచబడుతుంది.

ముందుగా ఫోనులో వీడియో తీసి పంపమన్నారు. ఎలా తీయాలి?

ఫోనును అడ్డంగా, కంటి ఎత్తులో నిలబెట్టి, నడుము నుంచి పైభాగం కనిపించేలా తీయండి. కిటికీ వెలుగు మీ ముఖం మీద పడాలి, వీపు మీద కాదు. ఫ్యాను ఆపేయండి. మొదట పేరు, ఊరు, వయసు, మీకు వీలయ్యే రోజులు చెప్పి, ఆపకుండా ఒకే టేకులో సన్నివేశం చేయండి. నేపథ్య సంగీతం, ఫిల్టర్లు వద్దు.

## ఎంపిక రోజు

అక్కడ నాచేత ఏమేమి చేయిస్తారు?

ఎక్కువసార్లు అది ఒక బడి గదో, కల్యాణ మండపం పైఅంతస్తో అయి ఉంటుంది. దర్శకుడు, రచయిత, సమాజం కార్యదర్శి, పద్య నాటకమైతే హార్మోనిస్టు కూర్చుని ఉంటారు. పరిచయం అయ్యాక మీరు తెచ్చుకున్న భాగం చేయమంటారు. తరువాత స్క్రిప్టులో ఒక పేజీ ఇచ్చి ఇంకొకరితో కలిసి చదివిస్తారు.

అసలు పరీక్ష దాని తరువాత ఉంటుంది. దర్శకుడు ఒక చిన్న వాక్యాన్ని తీసుకుని వేరువేరు సందర్భాలు చెబుతాడు. "నాన్నగారు ఇంకా రాలేదా?" అన్న మాటనే తీసుకోండి. వర్షం పడుతోంది, ఆయన దగ్గర గొడుగు లేదు, ఇప్పుడు అనండి. ఆయన వచ్చేలోగా మీరు బీరువాలోంచి తీసిన డబ్బు తిరిగి పెట్టేయాలి, ఇప్పుడు అనండి. ఆయన పోయి ఏడాదైంది, అడుగుతున్నది మతి తప్పిన మీ అమ్మ, ఆమెగా ఇప్పుడు అనండి. ఇక్కడ గొంతు పెంచడం, తగ్గించడం కన్నా, మాట అనే ముందు మీరు ఎటు చూశారన్నది ముఖ్యం. మొదటివారు వీధి గుమ్మం వైపు చూస్తారు, రెండోవారు బీరువా వైపు చూస్తారు. మూడోచోట చూపు ఎక్కడ నిలవాలో ఆలోచించుకోవడానికి ఒక క్షణం తీసుకుంటే ఎవరూ తప్పు పట్టరు.

దర్శకుడు చెప్పిన మార్పు మీలో కనిపించిందా లేదా అన్నదే ఆయన రాసుకునే విషయం. మొదటిసారి అద్భుతంగా చేసి, ఎన్నిసార్లు చెప్పినా అలాగే చేసేవారి కన్నా, మొదట సాదాగా చేసి సూచన అందుకుని మారినవారే ఎంపికవుతారు. మూడు నెలలు కలిసి పని చేయవలసినవాడు దర్శకుడు, ఆయనకు కావలసింది అలాంటి మనిషే.

మధ్యలో డైలాగు మరిచిపోతే?

క్షమాపణ చెప్పి మళ్లీ మొదటికి వెళ్లకండి. పాత్రలోనే ఉండి, ఆ భావాన్ని మీ మాటల్లో చెప్పి ముందుకు సాగండి. వేదిక మీద మాట తప్పినప్పుడు నాటకాన్ని నిలబెట్టగలరా అన్నది దర్శకుడికి తెలియాలి, ఆ సమాచారం మీరే ఇచ్చినట్టవుతుంది. పద్యమైతే ఈ వెసులుబాటు లేదు. హార్మోనిస్టు వైపు చూడండి, పాదం ఎత్తుగడ ఆయన అందిస్తాడు.

చేతులు వణుకుతాయి, నోరు ఎండిపోతుంది. ఏం చేయాలి?

అరగంట ముందు చేరుకోండి. గోరువెచ్చని నీళ్లు తాగండి. కాగితాన్ని గట్టి అట్టకు పెట్టుకుంటే వణుకు కనిపించదు. ఎదుటి పాత్రధారి కళ్లలోకి చూసి అతని మాట నిజంగా వినడం మొదలుపెడితే వణుకు దానంతట అదే సర్దుకుంటుంది.

ఏ బట్టలు వేసుకోవాలి?

ఇస్త్రీ చేసిన, కదలడానికి వీలైన మామూలు బట్టలు. వేషం కట్టుకుని వెళ్లనక్కరలేదు. కింద కూర్చోమంటే కూర్చోగలగాలి.

నేను అమ్మాయిని. రాత్రి రిహార్సళ్లంటే ఇంట్లో భయపడుతున్నారు. ఏం అడగాలి?

ఇంట్లోవారి భయం న్యాయమైనది, సమాజం దానికి జవాబు చెప్పవలసి ఉంది. స్త్రీ పాత్రలకు నటీమణులు దొరకక సమాజాలు దూరపు ఊళ్ల నుంచి పిలిపించుకుంటున్న రోజుల్లో, ఊళ్లోనే ఉన్న నటికి భద్రత కల్పించడం వారి మొదటి బాధ్యత.

ఎంపికకు వెళ్లేముందే కొన్ని విషయాలు ఫోనులో అడిగి, జవాబు సందేశం రూపంలో తీసుకోండి. రిహార్సల్ ఎక్కడ, ఎన్ని గంటలకు ముగుస్తుంది, ఇంకా ఎవరెవరు స్త్రీలు ఉంటారు, ఆర్టీసీ ఆఖరి బస్సు దాటితే ఇంటికి ఎవరు చేరుస్తారు, పరిషత్తుకు వేరే ఊరు వెళ్లినప్పుడు బస ఎక్కడ, వేషం మార్చుకోవడానికి తలుపు గడియ పడే గది ఉంటుందా. మంచి సమాజం వీటికి విసుక్కోదు. వెంట అమ్మనో, అన్ననో తెచ్చుకుంటానంటే కాదనదు. ఒంటరిగా ఒకరి ఇంటికో, లాడ్జి గదికో రమ్మనే ఎంపిక ఎంపికే కాదు, వెళ్లకండి. సన్నివేశంలో ముట్టుకోవడం ఉంటే అది ఎంతవరకో ముందే అందరి ఎదుట మాట్లాడుకోవాలి, ఇష్టం లేనిదానికి కాదనే హక్కు మీకు ఉంది. ఇబ్బంది ఎదురైతే మహిళా సహాయ నంబరు 181, అత్యవసర నంబరు 112 ఉన్నాయి. వేషం పోతుందేమోనని మాట దాచుకోవద్దు.

మా పాపను బాలల నాటికకు తీసుకువెళ్లాలనుకుంటున్నాం. ఇంట్లో ఏమి నేర్పాలి?

డైలాగు చెప్పే తీరు నేర్పకండి. ఇంట్లో చేతులు తిప్పుతూ నేర్పిన ముద్రలను పిల్లల నుంచి విడిపించడానికే దర్శకుడికి వారం పడుతుంది. కథ చెప్పండి, మాటలు కంఠస్థం చేయించండి, మిగిలింది వారికి వదిలేయండి. 1998లో మొదలైన నంది నాటకోత్సవాల్లో బాలల విభాగం ఉండటం వల్ల చాలా బడులు నాటికల మీద శ్రద్ధ పెట్టాయి. పరీక్షల తేదీలు ముందే చెప్పి ఒప్పుకోండి. ఎంపిక జరిగేటప్పుడు మీరు గది బయట కూర్చోవడం మేలు. పిల్లలు దర్శకుడి వైపు కాక మీ ముఖం వైపు చూస్తుంటారు.

పదవీ విరమణ చేశాను. ఈ వయసులో మొదలుపెట్టవచ్చా?

తప్పకుండా. తాత, పెద్ద రైతు, విశ్రాంత మాస్టారు వంటి పాత్రలకు నిజంగా ఆ వయసు ఉన్నవారు దొరకడం కష్టం. కళ్లజోడు లేకుండా కదలగలరా, మోకాళ్లు నేల మీద కూర్చోనిస్తాయా అన్నవి మాత్రం ముందే చెప్పండి, కదలికలను దానికి తగ్గట్టు కూర్చుకుంటారు.

## ఫలితం తరువాత

ఎంతకాలం ఎదురుచూడాలి? నేనే ఫోను చేయవచ్చా?

వెళ్లే ముందే "ఎప్పటికి తెలుస్తుందండి?" అని అడగండి. ఆ గడువు దాటి రెండు రోజులైనా కబురు రాకపోతే ఒకసారి ఫోను చేయడం సబబే. తెలిసినవారిచేత, రాజకీయ పెద్దలచేత చెప్పించడం మాత్రం చేయకండి. అలా వచ్చిన నటుడితో తోటివారు మనసు విప్పి పని చేయలేరు.

నాకన్నా తక్కువగా చేసినవారిని తీసుకున్నారు. ఎందుకు?

నాటికలో నలుగురూ ఒక కుటుంబంగా కనిపించాలి. అన్నగా ఎంపికైన నటుడి కన్నా మీరు పొడవైతే తమ్ముడి పాత్ర మీకు రాదు, మీ గొంతు, కథానాయకుడి గొంతు ఒకే స్థాయిలో ఉంటే ఇద్దరూ వాదించుకునే సీను చెవికి చప్పబడిపోతుంది, మీరు కుదరవన్న మంగళవారమే అతనికి కుదిరి ఉండవచ్చు. ఇవేవీ మీ నటన మీద తీర్పులు కావు. కారణం తెలుసుకోవాలనిపిస్తే "తరువాతిసారికి ఏమి దిద్దుకోమంటారు?" అని అడగండి. ఆ ప్రశ్నకు దర్శకులు మనసు పెట్టి జవాబిస్తారు. అదే సమాజంలో ప్రాంప్టింగుకో (తెర చాటు నుంచి నటులకు మాట అందించడానికో), తెర వెనుక సామాను అందించడానికో ఉండిపోవడానికి ఇష్టపడితే ఇంకా మంచిది. ప్రాంప్టరుకు నాటకం మొత్తం కంఠతా వస్తుంది. ప్రదర్శనకు ముందు ఎవరికైనా జ్వరం వస్తే సమాజం మొదట చూసేది అతని వైపే.

రెండు సమాజాల్లో ఒకేసారి పాత్రలు ఒప్పుకోవచ్చా?

ఇద్దరు దర్శకులకూ ముందుగా చెప్పి, ప్రదర్శనల తేదీలు పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఒప్పుకోవచ్చు. ఒకే పరిషత్తులో రెండు నాటికల్లో నటించడానికి ఆ పరిషత్తు నిబంధనలు అనుమతిస్తాయో లేదో కూడా చూడాలి, కొన్నిచోట్ల అనుమతించరు. మొదటి ఏడాది మాత్రం ఒక్కదానికే కట్టుబడటం మంచిది.

పాత్ర ఒప్పుకున్నాక ఇంట్లో అవసరం వచ్చి మానుకోవలసి వస్తే?

తెలిసిన గంటలోనే దర్శకుడికి స్వయంగా ఫోను చేయండి, గ్రూపులో సందేశం పెట్టి ఊరుకోవద్దు. మీ స్క్రిప్టులో రాసుకున్న కదలికలు, మార్పులు, కోతలు అన్నీ ఉన్న ఆ ప్రతిని కొత్తగా వచ్చేవారికి అందజేయండి. వీలైతే ఒక సాయంత్రం వెళ్లి, మీరు ఎక్కడ నుంచి ఎక్కడికి నడిచేవారో, ఏ మాట మీద కూర్చునేవారో వారికి చూపించండి. విగ్గు కొలత, చెప్పుల కొలత వంటివి కార్యదర్శి మళ్లీ తీసుకోవలసి ఉంటుంది కాబట్టి, ఆ సంగతి ఆయనకు కూడా అదే రోజు చెప్పండి.